చంద్రమతిని మన ఇళ్ళకు తెచ్చిన కవి

అప్పిచ్చినవాడు గుమ్మం కదలకుండా కూర్చుంటే నక్షత్రకుడిలా పట్టుకున్నాడంటాం. నోరు విప్పితే అబద్ధమాడేవాణ్ణి చూసి పెద్ద హరిశ్చంద్రుడు బయల్దేరాడంటాం. కష్టం మీద కష్టం వచ్చి పడిన ఇల్లాలిని చూసి చంద్రమతి కష్టాలు పడుతోంది పాపం అంటాం. నాటకమంటే ఏమిటో తెలియని ఈ కాలం పిల్లలు కూడా ఇంట్లో విని విని ఈ మాటలు అనేస్తుంటారు. ఈ ముగ్గురూ పురాణంలోని వాళ్ళే. కానీ పురాణం నుంచి లేచొచ్చి మన వంటింట్లో, వీధి అరుగు మీద ఇంతగా స్థిరపడిపోవడానికి ఒక నాటకం సాయం చాలా ఉంది. అదే 'సత్య హరిశ్చంద్రీయం'. దాన్ని రాసినవారు బలిజేపల్లి లక్ష్మీకాంతం గారు. రాసి ఊరుకోలేదు. ఆ నక్షత్రకుడి వేషం తానే కట్టి రంగస్థలం మీద హరిశ్చంద్రుణ్ణి వేధించారు కూడా.

బలిజేపల్లి వారి పేరు చెప్పగానే అందరికీ కాటి సీను గుర్తొస్తుంది. హార్మోనియం, సాగదీసిన రాగం, వన్స్‌మోర్ కేకలు, తెల్లవారుజాము చలిలో దుప్పటి కప్పుకుని కూర్చున్న జనం. నాకు మాత్రం ఆయన పేరు వింటే చంద్రమతి గుర్తొస్తుంది. ఆయన జీవితం గురించి చదివినకొద్దీ ఒక విషయం నన్ను వదల్లేదు. ముప్ఫై ఏళ్ళ వయసులో, భార్యను అంగట్లో అమ్మే దృశ్యం రాసి ఆంధ్రదేశంలోని ఆడవాళ్ళందరి చేతా కంటతడి పెట్టించిన ఈ కవి, దాదాపు అరవయ్యో ఏట పెళ్ళికొడుకును అమ్మే తండ్రిగా తెర మీద కనిపించి వాళ్ళ చేతనే తిట్టించుకున్నాడు. ఈ రెండు అమ్మకాల మధ్యే ఆయన నాటక జీవితమంతా నడిచిందనిపిస్తుంది నాకు.

ఇటికంపాడు నుంచి గుంటూరుకు

లక్ష్మీకాంతం గారు 1881 డిసెంబర్ 23న బాపట్ల తాలూకా ఇటికంపాడులో పుట్టారు. తండ్రి నరసింహశాస్త్రి, తల్లి ఆదిలక్ష్మమ్మ. ఆ తేదీ దగ్గర నేను కాస్త ఆగాను. సరిగ్గా పన్నెండు రోజుల ముందు, అంటే 1881 డిసెంబర్ 11న, రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం పంతులు గారు మొట్టమొదటి వితంతు వివాహం చేయించారు. ఆ పెళ్ళి గురించి ఊళ్ళన్నీ అట్టుడికిపోతున్న రోజుల్లో ఈ బిడ్డ కళ్ళు తెరిచాడు. యాభై ఎనిమిదేళ్ళ తరవాత ఈయన 'మళ్ళీ పెళ్ళి' అనే సినిమాకే మాటలు రాస్తాడని అప్పుడు ఎవరనుకుంటారు! ఆ సంగతి తరవాత చెబుతాను.

మేనమామ దగ్గర భారత భాగవతాలు చదువుకున్నారు. కర్నూలులో మెట్రిక్యులేషన్ పూర్తి చేసి, అక్కడే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో గుమాస్తాగా చేరారు. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసంటే ఏముంటుంది? అమ్మకాలు, తాకట్లు, దస్తావేజులు. రోజంతా ఎవరో ఒకరు తమది అనుకున్నది ఇంకొకరి పేర రాసిచ్చి, వేలిముద్ర వేసి, తల వంచుకుని మెట్లు దిగిపోతుంటారు. హరిశ్చంద్రుడి కథలో కూడా జరిగేది అదే కదా! రాజ్యం రాసిచ్చెయ్యడం, బాకీ లెక్క, గడువు, వసూలుకు వెంట మనిషి. ఆ ఉద్యోగమే నాటకం రాయించిందని నేననను. కానీ అప్పు ఎలా వసూలవుతుందో తెలిసిన మనిషి రాసిన నాటకం అది అని మాత్రం చదువుతుంటే తెలుస్తుంది.

ఆ ఉద్యోగంలో ఆయన ఎక్కువ కాలం నిలవలేదు. గుంటూరు వచ్చి తెలుగు పండితుడిగా పిల్లలకు పాఠాలు చెప్పారు. అవధానాలు చేశారు. అడిగిన వెంటనే అడిగిన ఛందస్సులో పద్యం చెప్పగల ధారణ, ధార రెండూ ఉన్న మనిషి. అలాంటివాళ్ళు ఆ రోజుల్లో జమీందారుల సభల చుట్టూ తిరిగి శాలువాలతో తృప్తిపడేవాళ్ళు. ఈయనకు మాత్రం సభ సరిపోలేదు. పద్యం అర్థమైనవాడికీ, అర్థం కానివాడికీ కూడా వినపడే చోటు కావాలనుకున్నట్టున్నారు. ఆ చోటు నాటకం.

1912 నాటి నాటకం

'సత్య హరిశ్చంద్రీయం' 1912లో వచ్చింది. అంతకు ముందే తెలుగులో హరిశ్చంద్రుడి కథ ఎంతో మంది చెప్పారు. పదిహేనో శతాబ్దంలో గౌరన ద్విపదలో రాశాడు. శంకరకవి పద్య కావ్యం రాశాడు. వీరేశలింగం గారూ నాటకం రాశారు. ఇన్ని ఉండగా జనం నోట నిలిచింది బలిజేపల్లి వారి పద్యం. కారణం చెప్పమంటే నాకు తోచింది ఒకటే. ఆయన పద్యం గొంతు కోసం పుట్టింది. కాగితం మీద చదివితే మామూలుగా అనిపించే చోట కూడా పైకి చదివి చూడండి, ఊపిరి ఎక్కడ తీసుకోవాలో, రాగం ఎక్కడ విప్పాలో పద్యమే చెబుతుంది. అక్షరం రానివాళ్ళు కూడా నాటకం చూసి, గ్రామఫోన్ రికార్డు విని, పద్యాలకు పద్యాలు పొలం గట్ల మీద పాడుకున్నారంటే ఆ గుణం వల్లే.

ఒక్కసారి ఆ కాలం తెలుగు నాటకాన్ని ఊహించుకోండి. సాయంత్రం భోజనాలు ముగించుకుని జనం చాపలూ, దుప్పట్లూ చంకన పెట్టుకుని పందిరి దగ్గరికి చేరేవారు. చంటిపిల్లల తల్లులు ఒక పక్క, ముసలమ్మలు ముందు వరసలో. పెట్రోమాక్స్ దీపాలు. నాటకం తెల్లవార్లూ. ఒక్క నటుడి గొంతు అంతసేపు ఆగదు కాబట్టి తరవాత తరవాత ఒకే నాటకంలో ఇద్దరేసి, ముగ్గురేసి హరిశ్చంద్రులు కనిపించడం కూడా మామూలైపోయింది. వారణాసి సీనుకు ఒకరు, కాటి సీనుకు ఇంకొకరు. తిరునాళ్ళయినా, శివరాత్రి జాగరణయినా ఊళ్ళో హరిశ్చంద్ర నాటకం పడాల్సిందే.

ఇంతా చేసి రచయిత గారు తనకోసం ఉంచుకున్న వేషం హరిశ్చంద్రుడిది కాదు. నక్షత్రకుడిది. విశ్వామిత్రుడి శిష్యుడు, బాకీ వసూలుకు వెంట వచ్చినవాడు. రాజు ఎండలో నడుస్తుంటే తనను మొయ్యమంటాడు, ఆకలంటాడు, కాళ్ళు నొప్పులంటాడు, ఒక్క అబద్ధం ఆడెయ్యమని రాజును సతాయిస్తాడు. జనం నవ్వుతారు, పళ్ళు కొరుకుతారు. పద్యాలన్నీ రాసిన మనిషికి చప్పట్లు కొట్టించుకునే పాత్ర ఏదో తెలియదా? అయినా జనం చీదరించుకునే పాత్రనే ఎంచుకున్నారు. ఇరవై ఏడేళ్ళ తరవాత సినిమాలోనూ ఆయన వేసిన గొప్ప వేషం అలాంటిదే కావడం విశేషం.

అంగట్లో చంద్రమతి

ఇప్పుడు చంద్రమతి దగ్గరికి వద్దాం. కథ మీకు తెలిసిందే. విశ్వామిత్రుడు పంపిన మాతంగ కన్యలను పెళ్ళాడనన్నాడు హరిశ్చంద్రుడు. రాజ్యం ఇచ్చేశాడు. ఏనుగు మీద నిలబడి రత్నం విసిరితే ఎంత ఎత్తుకు పోతుందో అంత ఎత్తు ధనం ముందే ఇస్తానని మాటిచ్చి ఉన్నాడు. ఇప్పుడు చేతిలో చిల్లిగవ్వ లేదు. గడువు దగ్గర పడింది. కాశీ నగరం చేరారు. అక్కడ నన్ను అమ్మి బాకీ తీర్చండని ముందుకొచ్చేది చంద్రమతే. భార్యనూ, కొడుకు లోహితుణ్ణీ కాలకౌశికుడు కొనుక్కున్నాడు. అయినా లెక్క తెగలేదు. నక్షత్రకుడి బత్తెం కూడా లెక్కలోకి వచ్చింది. అప్పుడు హరిశ్చంద్రుడు కాటికాపరి వీరబాహుడికి తనను తాను అమ్ముకున్నాడు.

వరస చూశారా? ముందు ఆవిడ, తరవాత ఆయన. మాట ఇచ్చింది ఆయన. ఆ మాట ఇచ్చేటప్పుడు ఆవిడను అడిగినవాళ్ళు లేరు. బాకీ తీర్చాల్సి వచ్చేసరికి మాత్రం మొదట కనిపించిన ఆస్తి ఆవిడే.

మా అమ్మమ్మ ఈ నాటకం ఎన్నిసార్లు చూసిందో ఆవిడకే లెక్క లేదు. కాటి సీనులో జనమంతా ఏడుస్తుంటే ఆవిడ ఏడ్చేది కాదట. వారణాసి సీనులోనే ఏడుపంతా అయిపోయేదట. ఎందుకని చిన్నప్పుడు నేనడిగితే తన చేతులు చూపించింది. ఆ చేతులకు ఒకప్పుడు నాలుగు జతల బంగారు గాజులుండేవి. తాతయ్య ఎవరికో పూచీ ఉన్నారు. ఆ మనిషి అప్పు ఎగ్గొట్టాడు. తాతయ్య మాట మీద నిలబడే మనిషని ఊరంతా మెచ్చుకుంది. ఆ మెప్పు ఆయనది, పోయిన గాజులు ఆవిడవి. తాతయ్య మీద ఆవిడకు కోపం లేదు. ఆయన మాట నిలబడినందుకు గర్వమే ఉంది. కానీ వారణాసి సీను రాగానే ఆ ఖాళీ చేతులు ఒడిలో పెట్టుకుని ఏడ్చేదన్నమాట.

మన అమ్మమ్మలు చంద్రమతిని చూసి పతిభక్తికి పరవశించిపోయి ఏడ్చారని పెద్దలు రాస్తుంటారు. అదీ నిజం కావచ్చు. కానీ తాకట్టు కొట్టుకు వెళ్ళిన నగ తిరిగి రాని ఇల్లాలు, మొగుడి పరువు కోసం పుట్టింటి పొలం మీద సంతకం పెట్టిన ఇల్లాలు, వాళ్ళు ఏడ్చిన ఏడుపులో ఇంకొంచెం ఏదో ఉంటుంది. బలిజేపల్లి వారికి అది తెలుసుననే నా నమ్మకం. ఎందుకంటే అమ్మకం దృశ్యాన్ని రెండు ముక్కల్లో దాటెయ్యలేదాయన. కావ్యంలో కథ సాగుతూ పోతుంది కాబట్టి అక్కడ ఆగనక్కర్లేదు. రంగస్థలం మీద మాత్రం ఒక ఆడమనిషి నడిబజారులో నిలబడి ఉంటుంది, భర్త కేకేసి ఆవిడ గుణగణాలు చెబుతూ కొనుక్కోమంటుంటాడు, జనం చూస్తుంటారు. ప్రేక్షకులమైన మనమూ ఆ బజారులోని జనమే అయిపోతాం. పద్యం ఎంత గొప్పగా ఉంటే అంత ఇబ్బందిగా ఉంటుంది ఆ చోట.

ఆయన మిగతా నాటకాలు చూసినా ఇలాంటి కథలే ఎంచుకున్నారనిపిస్తుంది. 'ఉత్తర రాఘవం' రాశారు. పట్టాభిషేకం తరవాతి రాముడి కథ అంటే సీతమ్మ అడవి పాలైన కథే. లోకం ఏమంటుందోనన్న భయం భర్తది, అడవి భార్యది. 'సాత్రాజితీయం' రాశారు. శమంతకమణి పోయిందని కృష్ణుడి మీద నింద వేసిన సత్రాజిత్తు, తప్పు తెలిసి మణితో పాటు కూతురు సత్యభామను కూడా ఇచ్చి సర్దుకున్న కథ. 'బుద్ధిమతీ విలాసం' అనే నాటకమూ ఉంది. వీటన్నిటినీ మింగేసింది హరిశ్చంద్రుడే. ఒక్క రచన అంత పేరు తెచ్చుకుంటే తోబుట్టువులన్నీ నీడన పడిపోవడం మామూలే.

చీర కట్టిన మగవారు

ఇంకొక చిత్రం. ఇంతమంది ఆడవాళ్ళను ఏడిపించిన చంద్రమతి వేషం చాలా కాలం మగవాళ్ళే కట్టారు. సురభి కుటుంబాల్లో ఆడవాళ్ళు మొదటి నుంచీ నటించేవారు కానీ, మిగిలిన సమాజాల్లో ఆ అవకాశం లేదు. గౌరవమైన ఇంటి ఆడపిల్ల రంగస్థలం ఎక్కకూడదు. ఎక్కితే పెళ్ళి కాదు. అందుకని మీసాలు తీయించుకుని, జడ పెట్టుకుని, మగపిల్లలు చంద్రమతులయ్యేవారు. స్థానం నరసింహారావు గారి పేరు వినే ఉంటారు. 1956లో పద్మశ్రీ అందుకున్న ఆ మహానటుడు 1920లో బాపట్లలో మొట్టమొదట కట్టిన వేషం చంద్రమతే. ఆ రోజు రావాల్సిన నటుడు రాకపోతే ఈయన నిలబడ్డారు. ఆ తరవాత ఆయన సత్యభామ నడక చూసి ఆడవాళ్ళు నడక నేర్చుకున్నారని చెప్పుకునేవారు.

ఇది మన దగ్గరే కాదు. ఫాల్కే 1913లో తీసిన మన దేశపు తొలి కథాచిత్రం 'రాజా హరిశ్చంద్ర'లో కూడా రాణి వేషం మగవాడే వేశాడు. ఆ వేషానికి ఏ ఆడమనిషీ ఒప్పుకోలేదు. భర్త కోసం అంగట్లో నిలబడే పాత్రను పూజించవచ్చు. ఆ పాత్ర వేసిన ఆడదాన్ని మాత్రం ఇంట్లోకి రానివ్వకూడదు. ఇదీ ఆనాటి ధర్మం! తెలుగులో ఆ గోడ కూలడానికి కాలం పట్టింది. 1935లో వచ్చిన 'హరిశ్చంద్ర' సినిమాలో చంద్రమతిగా కన్నాంబ గారు తెర మీదికి వచ్చారు. ఒక ఆడమనిషి గొంతుతో చంద్రమతి మాట్లాడితే ఎలా ఉంటుందో ఊరూరా తెలిసింది.

కాటి సీనులో మరో కవి

లోహితుడు పాము కాటుకు చనిపోతాడు. చంద్రమతి పగలంతా కాలకౌశికుడి ఇంట్లో చాకిరీ చేసి రాత్రి ఒంటరిగా బిడ్డ శవాన్ని మోసుకుని కాటికి వెళ్తుంది. కాపరిగా ఉన్న భర్త ఆమెను గుర్తుపట్టక కాటి సుంకం అడుగుతాడు. బిడ్డను కాల్చుకోవడానికి కూడా ఆవిడ దగ్గర డబ్బు లేదు. భర్తకు తప్ప ఎవరికీ కనపడని మంగళసూత్రం వల్ల ఒకరినొకరు గుర్తుపడతారు. గుర్తుపట్టాక కూడా సుంకం మాఫీ లేదు. ఆ తరవాత ఆవిడ మీద హత్యానేరం పడడం, భర్త చేతే శిరచ్ఛేదం చెయ్యమని ఆజ్ఞ రావడం, చివరికి శివుడు ప్రత్యక్షం కావడం.

ఈ సీనులో నటులు పాడే పద్యాలన్నీ బలిజేపల్లి వారివి కావని మనలో చాలామందికి తెలియదు. శ్మశానం మీద గుర్రం జాషువా గారు రాసిన పద్యాలను నటులు తెచ్చి ఇక్కడ కలుపుకున్నారు. అవి ఇందులో ఎంతగా అతికిపోయాయంటే, అవి లేని కాటి సీనును జనం ఒప్పుకోరు. అంటరానితనం చేత బడిలోనూ సభలోనూ అవమానాలు పడ్డ కవి జాషువా గారు. ఆయన పద్యం, కాటికాపరికి దాసుడైన ఒక చక్రవర్తి నోట తెలుగు పల్లెలన్నిటా మోగింది. నాటకం ఒక్కరి సొత్తు కాదని ఇలాంటి చోటే తెలుస్తుంది. రచయిత నాటకం రాస్తాడు, నటులు దాన్ని పెంచుతారు, ఊరు దాన్ని తనదిగా చేసుకుంటుంది.

జైలు, నాటక సమాజం

సహాయ నిరాకరణ ఉద్యమం గుంటూరు సీమను ఊపేస్తున్న రోజుల్లో పండితుడు గారు ఊరికే కూర్చోలేదు. ఉద్యమంలో దిగి జైలుకు వెళ్ళారు. గాంధీగారు తన ఆత్మకథలో, చిన్నప్పుడు చూసిన హరిశ్చంద్ర నాటకం తన మనసును పట్టేసిందని రాసుకున్నారు. అది గుజరాత్ మాట. ఆ నాటకం చూసి పెరిగిన మనిషి పిలుపు విని, తెలుగులో హరిశ్చంద్ర నాటకం రాసిన మనిషి జైలుకు వెళ్ళడం చూస్తే ఆ కథకు ఉన్న బలం ఏపాటిదో తెలుస్తుంది. 'స్వరాజ్య సమస్య' అనే రచన కూడా చేశారాయన.

గుంటూరులో నాటక సమాజాన్ని నడిపారు. సమాజం నడపడం అంటే ఈ రోజుల్లో మనకు అర్థం కాదు. తెరలు, కిరీటాలు, హార్మోనిస్టు, వేషగాళ్ళ అలకలు, బండ్ల మీద సామాను. ఒక ఊళ్ళో వర్షం పడితే ఆ రాత్రి వసూళ్ళు సున్నా. ఇంత మందికీ భోజనాలు పెట్టాలి. కవి గారు రాత్రి నక్షత్రకుడై బాకీ అడిగితే, పొద్దున్న నిజంగా ఎవరో బాకీ అడగడానికి వచ్చి ఉంటారని నాకు నవ్వొస్తుంది.

లింగరాజు

ఆయనకు యాభై ఏడేళ్ళు నిండాయి. ఆ వయసులో మనుషులు చేసిన పనులు తలుచుకుంటూ పడక్కుర్చీలో కూర్చుంటారు. ఈయన సినిమాలోకి వెళ్ళారు. చిత్తజల్లు పుల్లయ్య గారు 1939లో కలకత్తాలో 'వరవిక్రయం' తీశారు. కాళ్ళకూరి నారాయణరావు గారు 1921లో కట్నాల మీద రాసిన నాటకం అది. పేరులోనే ఉంది అంతా. వరుణ్ణి అమ్మడం. పురుషోత్తమరావు, భ్రమరాంబ దంపతులకు ఇద్దరు కూతుళ్ళు. పెద్ద కూతురు కాళిందికి సంబంధం కుదురుతుంది. పెళ్ళికొడుకు తండ్రి సింగరాజు లింగరాజు. పరమ పిసినారి. కట్నం వేలల్లో అడుగుతాడు. అంత డబ్బు పోసి తనకు మొగుణ్ణి కొనడం ఇష్టం లేని కాళిందికి తన మాట వినేవాళ్ళు లేక ప్రాణం తీసుకుంటుంది. తీసుకున్న కట్నం లింగరాజు తిరిగివ్వడు.

అప్పుడు చెల్లెలు కమల ఆ పెళ్ళికొడుకునే చేసుకుంటుంది. చేసుకుని అత్తవారింటికి వెళ్ళనంటుంది. డబ్బిచ్చి కొన్నది మేము, కాబట్టి కొన్న వస్తువు మా ఇంటికే రావాలని కోర్టుకెక్కుతుంది. డిగ్రీ చదివే రోజుల్లో ఈ నాటకం మొదటిసారి చదివి, ఇది 1921లో రాశారంటే నమ్మలేక పుస్తకం మొదటి పేజీ తిప్పి చూశాను. కట్న నిషేధ చట్టం వచ్చింది 1961లో. అంటే చట్టానికి నలభై ఏళ్ళ ముందే కమల కేసు వేసేసింది!

ఆ సింగరాజు లింగరాజు వేషం వేసినవారే బలిజేపల్లి లక్ష్మీకాంతం గారు. భ్రమరాంబగా దాసరి కోటిరత్నం గారు, తనకంటూ నాటక సమాజం పెట్టుకుని నడిపిన ధీరురాలు. కమలగా పుష్పవల్లి. ప్రాణం తీసుకునే కాళిందిగా ఒక కొత్త పిల్ల, పదమూడేళ్ళది. ఆ పిల్ల పేరు భానుమతి. ఆ తరవాత ఆవిడ ఎవరి ముందూ తల వంచని నటి, దర్శకురాలు, రచయిత్రి అయిన కథ మీకు చెప్పనక్కర్లేదు. ఆవిడ తొలి చిత్రంలో ఆమెను బలి తీసుకున్న పిసినారి మామ, చంద్రమతి పద్యాలు రాసిన కవే.

ఈ రెండు నాటకాలనూ పక్కపక్కన పెట్టి చూడండి. కాశీ అంగట్లో భార్యను అమ్మిన భర్త సత్యం కోసం అమ్మాడు, అందుకని దేవుడు ప్రత్యక్షమై రాజ్యం తిరిగిచ్చాడు. లింగరాజు కొడుకును అమ్మింది డబ్బు కోసం, అందుకని జనం నవ్వారు, అసహ్యించుకున్నారు. అక్కడ చంద్రమతి తనను తాను ఇచ్చుకుంది. ఇక్కడ కాళింది ఇచ్చుకోలేక చనిపోయింది. కమల మాత్రం లెక్క అడిగింది. చంద్రమతి నుంచి కమల దాకా రావడానికి తెలుగు నాటకానికి పట్టింది తొమ్మిదేళ్ళే. ఒకదాన్ని తన కలంతో, ఇంకొకదాన్ని తన ముఖంతో మన ముందుంచిన మనిషి ఒక్కరే కావడం నాకు ఆశ్చర్యంగానూ, గౌరవంగానూ ఉంటుంది. శాస్త్రాలు చదివిన పండితుడు, అరవైకి దగ్గర పడ్డవాడు, కట్నం తీసుకునే పెద్దమనిషి ఎలా ఉంటాడో తన ఒంటి మీదే చూపించడానికి ఒప్పుకున్నాడు. ఆ రోజుల్లో ఆయన ఎరిగిన పెద్దమనుషుల్లో లింగరాజులు లేరనుకోగలమా?

మళ్ళీ పెళ్ళి

అదే 1939లో వై.వి. రావు గారి 'మళ్ళీ పెళ్ళి' వచ్చింది. బాల వితంతువుకు మళ్ళీ పెళ్ళి జరిగే కథ. కాంచనమాల కథానాయిక. మాటలూ పాటలూ బలిజేపల్లి వారివి. తెర మీదా కనిపించారు. రాజమండ్రిలో తొలి వితంతు వివాహం జరిగిన నెలలోనే పుట్టిన మనిషి యాభై ఎనిమిదేళ్ళ తరవాత అదే విషయాన్ని టూరింగ్ టాకీసుల దాకా మోసుకెళ్ళారు. పంతులు గారి వ్యాసం చదవలేని పల్లెటూరి తల్లులు ఈ సినిమా చూసి ఇంటికెళ్ళి, మూలన కూర్చున్న తమ పిల్ల వంక ఒక్కసారి చూసి ఉంటారు.

ఆ తరవాత సినిమా ఆయన్ను వదల్లేదు. 'భూకైలాస్', 'విశ్వమోహిని' 1940లో. 'జీవన్ముక్తి', జెమినీవారి 'బాలనాగమ్మ' 1942లో. మాటలో, పాటలో, చిన్న వేషమో, వాటిల్లో ఆయన చెయ్యి ఉంది. 'బాలనాగమ్మ'కు దేశమంతా జనం విరగబడ్డారు. పద్యం మీద పెరిగిన మనిషి సినిమా మాటకు అలవాటు పడడం తేలిక కాదు. అందరూ మాట్లాడుకునే తెలుగు వైపు సినిమా అప్పుడప్పుడే వస్తోంది. ఈ పండితుడు గారు దానికీ సర్దుకున్నారు.

చివరి రోజులు శ్రీకాళహస్తిలో గడిపారు. 1953 జూన్ 30న అక్కడే కన్నుమూశారు. ఆంధ్రరాష్ట్రం ఏర్పడడానికి అప్పటికి మూడు నెలలే ఉంది.

ఆయన పోయాక కూడా హరిశ్చంద్రుడు ఊళ్ళు తిరుగుతూనే ఉన్నాడు. 1956లో ఎస్.వి. రంగారావు గారు, 1965లో ఎన్.టి. రామారావు గారు తెర మీద హరిశ్చంద్రులయ్యారు. పద్య నాటకం పలచబడింది గానీ పోలేదు. పరిషత్తుల్లో, తిరునాళ్ళలో కాటి సీను ఒక్కటీ విడిగా వేస్తుంటారు. పిల్లలు ఫోనులో కూడా వింటున్నారు.

నా కోరికల్లా ఒక్కటే. మీ ఊళ్ళో ఎప్పుడైనా ఈ నాటకం పడితే కాటి సీనుతో సరిపెట్టమనకండి, వారణాసి సీను కూడా వెయ్యమని అడగండి. వీలైతే మీ అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకోండి. చంద్రమతి అంగట్లో నిలబడినప్పుడు ఆ పిల్ల ఏం అడుగుతుందో వినండి. మన అమ్మమ్మలు అడగకుండా కొంగుతో తుడుచుకున్న ప్రశ్న అది. సత్యం ఆయనదైతే ధర ఈవిడెందుకు చెల్లించిందని అడిగితే, నోరు మూసుకుని చూడమనకండి. లింగరాజు కథ కూడా చెప్పండి. కమల కోర్టుకెక్కిన సంగతి చెప్పండి. ఆ రెండింటి వెనకా ఇటికంపాడులో పుట్టిన ఒకే మనిషి ఉన్నాడని చెప్పడం మాత్రం మరిచిపోకండి.